మాస్టారు ఆగే చోటు

ఫిలేమోను కష్టమంతా పదకొండు సెకన్ల దగ్గరుంది.

రాళ్లవంక జంక్షన్ లోకోషెడ్డులో ఫిట్టరు అతను. ఎంత పెద్ద ఇంజనైనా సరే, పక్కన నిలబడి ఒక్కసారి చెవి ఒగ్గితే ఆవిరి ఎక్కడ కారుతోందో చెప్పేసేవాడు. విప్పిన సామానంతా తిరిగి బిగించి, చివరికి ఒక్క బోల్టు కూడా మిగల్చని ఫిట్టరు ఆ లైను మొత్తం మీద అతనొక్కడే. అలాంటివాడికి ఒక హార్మోనియం పెట్టె లొంగలేదు.

వాయించడం రాక కాదు. బర్తిమయి మాస్టారు పాడే నూటపాతిక పాటలూ అతనికి వచ్చు. గొంతుంది, వేళ్ళున్నాయి, తొమ్మిదేళ్ళ శుశ్రూష ఉంది. రానిది ఒక్కటే. పాట మధ్యలో మాస్టారు ఆగే చోటు.

చావింట్లో మాస్టారు పాడుతుండగా, ఎక్కడో సగంలో, పెట్టె మూగబోయేది. గొంతూ ఆగేది. వేళ్ళు పెట్టె మెట్ల మీదే ఉండేవి. అంతే. ఆ కాసేపట్లో, అప్పటిదాకా రాయిలా ఉన్న ఇల్లు కరిగి నీరయ్యేది. చుట్టాలు సరే, చుట్టుపక్కలవాళ్ళు సరే, శవపెట్టె కొలత తీసుకోవడానికొచ్చిన వడ్రంగి కూడా ఏడ్చి కొలత మర్చిపోయి మళ్ళీ రావాల్సొచ్చేది.

ఆ ఆగడంలో ఏముందో తెలియక ఫిలేమోను చిక్కిపోతున్నాడు.

మాస్టారి సంగతి కొంత చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆ పదకొండు సెకన్ల బరువు తెలియదు.

నాలుగో ఏట అమ్మవారు పోసి ఆయనకి రెండు కళ్ళూ పోయాయి. అంతకుముందు ఏదో పేరుండేది. బాప్తిస్మమప్పుడు మిషను దొరసాని, సువార్తలో యేసుప్రభువు చూపిచ్చిన గుడ్డివాడి పేరు తీసి బర్తిమయి అని పెట్టింది. ఆ బర్తిమయికి చూపొచ్చింది, ఈ బర్తిమయికి పాటొచ్చింది, దేవుడు ఇద్దర్లో ఎవరికీ అన్యాయం చెయ్యలేదు అనుకునేవాళ్ళు జంక్షన్‌లో.

చెవులా అవి! ప్యాసింజరు ఇంకా రెండు స్టేషన్ల అవతల ఉండగానే, నడిపే డ్రైవరెవరో చెప్పేవాడు. ఆ పూట అతను పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేవాడు. స్టేషను మాస్టరు సిగ్నలు దించే ముందు ఈయన వైపు చూసేవాడట. ఇది నమ్మకపోయినా నష్టం లేదు. తర్వాతది మాత్రం నమ్మి తీరాలి.

శనివారం సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో దొరలు డాన్సులాడేవాళ్ళు. లోపల పియానో, బయట కిటికీ కింద బర్తిమయి. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తనలు. మిగతా వారంలో కూలీ లైన్లలో ఎవరో ఒకరు పోయేవాళ్ళు, ఆడవాళ్ళు శోకాలు పెట్టేవాళ్ళు. ఈ మూడూ మూడు పెట్టెల్లో పెట్టి మూతలు వేసుకోవాలని లోకంలో అందరికీ తెలుసు. ఈయనకి మూతలు కనపడవు గదా, మూడూ కలిపేశాడు.

కుడిచేత్తో శోకం. ఎడంచేత్తో డాన్సుహాలు. నోట్లో దేవుడి మాట. పంతొమ్మిదో ఏట ఒక ఆదివారం చర్చిలో అలా వాయించాడు. పాస్టరు గారు కీర్తనల పుస్తకం మూసేశారు.

"ఇది దేవుడిల్లు. నీ సత్రం పాట బయట పెట్టుకో."

బయటే పెట్టుకున్నాడు. చర్చి మెట్ల మీద కూర్చుని వాయించాడు. మొదట వెనక బెంచీవాళ్ళు లేచి వచ్చారు. తర్వాత ఆడవాళ్ళు. తర్వాత కానుకల సంచీ పట్టుకున్న సంఘపెద్ద. గుంపు ఆవరణ దాటి, రోడ్డు దాటి, పట్టాల మీదికి పాకితే మద్రాసు మెయిలు ఔటర్‌లో ఆగిపోయింది. ఏమైందో చూద్దామని దిగిన డ్రైవరు అక్కడే కూర్చుండిపోయాడు. డ్రైవరు కోసం దిగిన గార్డు అతని పక్కన కూర్చున్నాడు. లోపల పాస్టరు గారొక్కరే మిగిలారు. తలుపు మూద్దామని వచ్చి, గడప మీద ఆయనా కూలబడ్డారు. ఆ రోజు మెయిలు పద్దెనిమిది నిమిషాలు లేటు. కారణం రాసేచోట 'పశువులు అడ్డం' అని రాశారు.

ఆ పాటకి పేరు పెట్టడం ఎవరికీ చేతకాలేదు. కీర్తన కాదు, పద్యం కాదు, శోకమా అంటే శోకమూ కాదు. జనం 'లోపలిపాట' అన్నారు. అంతకుముందు ఆ వైపున అలాంటిది పాడినవాడు లేడు. తర్వాత పాడినవాళ్ళందరూ ఈయన చెయ్యి పట్టుకుని నడిచినవాళ్ళే.

పన్నెండేళ్ళు నాటకాల కంపెనీతో తిరిగాడు. బరంపురం నుంచి తిరుపతి దాకా ఆయన పెట్టె దిగని స్టేషను లేదు. ఒక ఊళ్ళో ఆట మధ్యలో పెట్రోమాక్సులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. మూడు వేలమంది గోలపెడుతుంటే, "ఇదేనా మీరు భయపడే చీకటి? నేనిందులో కాపురమే ఉంటున్నాను" అని ఒక్కమాట అని పాట ఎత్తుకున్నాడు. దీపాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చినవాళ్ళని జనమే వెనక్కి పంపేశారు. గ్రామఫోను కంపెనీవాళ్ళు మద్రాసు పిలిపించుకుని ప్లేటు పట్టారు. ఆ ప్లేటు పెట్టిన ఇళ్ళలో సూది తడిసి తుప్పుపట్టేది. అంగళ్ళవాళ్ళు ప్లేటుతో పాటు సూదుల డబ్బా కూడా చేతిలో పెట్టి పంపేవాళ్ళు.

అంత వెలుగులో ఉండగా తల్లి పోయింది. తంతి ఆయన్ని వెతుక్కుంటూ ఊరూరా తిరిగి అందేసరికి, ఆయన బండెక్కి వచ్చేసరికి, మూడు రోజులైంది. సమాధి దగ్గర పెట్టె దింపించుకుని, తెచ్చినవాళ్ళని పొమ్మని, ఒక్కడే కూర్చున్నాడు. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. పాట మాత్రం వినపడలేదు. లేచాక మళ్ళీ కంపెనీకి పోలేదు. మద్రాసు నుంచి మనుషులొచ్చారు, కార్లొచ్చాయి. పోలేదు.

అప్పటి నుంచి చావిళ్ళలోనే పాడాడు. ఎవరి ఇల్లని అడగలేదు, ఏ మతమని అడగలేదు. పిలిస్తే వెళ్ళాడు.

వెళ్ళినచోట ఆయనకి ఒక పద్ధతుండేది. ఆయన రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి కాబట్టి పెట్టె వెనక గాలి తిత్తి వెయ్యడానికి ఇంకో మనిషి కావాలి. చాప మీద కూర్చుని, పెట్టెని తన ముందు పెట్టించుకుని, "ఇంటివాళ్ళెవరున్నారు? ఒకరొచ్చి తిత్తి వెయ్యండి" అనేవాడు. పోయినవాళ్ళ భార్యో, కొడుకో, తమ్ముడో వచ్చి ఎదురుగా కూర్చునేవాళ్ళు.

ఫిలేమోను ఎన్నోసార్లు ముందుకి జరిగాడు.

"నేనేస్తా మాస్టారూ. వాళ్ళకి చేతకాదు. గాలి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ."

"నువ్వొద్దులే అబ్బయా. పక్కన కూర్చో."

తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తిత్తి ముట్టుకోనివ్వలేదు.

మాస్టారు ఏదో దాస్తున్నాడని ఫిలేమోను మనసులో పడింది. షెడ్డులో మనుషులకి ఒక అలవాటు. అర్థం కానిది ఎదురైతే కొలుస్తారు. ఫిలేమోను జేబుగడియారం తీశాడు.

ఒక్క చావు వదల్లేదు. మాస్టారి పక్కన చాప మీద కూర్చుని, ఒక కన్ను సెకన్ల ముల్లు మీద, ఒక కన్ను మాస్టారి వేళ్ళ మీద పెట్టేవాడు. ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసేవాడు. గార్డు సుందరరావు గారిల్లు, రెండో చరణం, తొమ్మిది సెకన్లు. గ్యాంగుమేస్త్రి కొడుకు, మొదటి చరణం, ఇరవై ఒకటి. పాల నర్సమ్మ, నాలుగు, మళ్ళీ మూడో చరణంలో ఆరు. ఎక్కడ ఆగుతాడో, ఎంతసేపు ఆగుతాడో ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. నలభై మూడు చావులయ్యాక సగటు తీశాడు.

రెండో చరణం చివర. పదకొండు సెకన్లు.

ఆ ఏడు మాస్టారికి డెబ్భై నాలుగు. గొంతులో గరగర మొదలైంది. ఈయన తర్వాత ఎవరన్నది జంక్షన్ మొత్తానికీ దిగులైంది. ఫిలేమోను ధైర్యం చేసి ఆయన్నే అడిగాడు.

"ఆ ఆగడం తెలిసిన రోజు వచ్చి పెట్టె పట్టుకుపో" అన్నాడు మాస్టారు.

"తెలియకపోతే?"

"నాతో పాటు గుంటలో పెట్టండి."

ఆ మాట విన్న తర్వాత ఫిలేమోనుకి కూడు సయించలేదు. మద్రాసు పోయి, కాలితో తొక్కే హార్మోనియం కొనుక్కొచ్చాడు. ఊరికే తొక్కితే అతను ఫిట్టరెందుకవుతాడు? షెడ్డు సామానుతో పెడల్స్ విప్పి, స్ప్రింగులు మార్చి, అరగంట తొక్కినా గాలి వెంట్రుకవాసి తేడా రాకుండా చేశాడు. మాస్టారి దగ్గరికి మోయించుకొచ్చి చూపించాడు.

మాస్టారు పెట్టెని నుదుటి నుంచి పాదాల దాకా పసిబిడ్డని తడిమినట్టు తడిమాడు. ఒక మెట్టు నొక్కి చాలాసేపు విన్నాడు.

"మంచి పెట్టె అబ్బయా. దీనికి ఎవరూ అక్కర్లేదు."

"అదే గదా మాస్టారూ దీని గొప్ప!" అన్నాడు ఫిలేమోను, పొంగిపోయి.

మాస్టారు మెట్టు మీది వేలు తీసేశాడు.

అవకాశం దానంతటదే వచ్చింది. పాయింట్స్‌మన్ గిద్యోను తల్లి పోయిన రోజున మాస్టారు జ్వరంతో మంచం మీదున్నాడు. ఫిలేమోనుని పిలిచారు.

కొత్త పెట్టె తీసుకెళ్ళాడు. మొదటి చరణం పాడుతుంటే ముసలివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అచ్చం మాస్టారే. మూల కూర్చున్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చరణం చివరికొచ్చింది. ఫిలేమోను కాళ్ళు ఆపాడు. గొంతు ఆపాడు. వేళ్ళు మెట్ల మీద పెట్టి లోపల లెక్కపెట్టుకున్నాడు.

మూడు. నాలుగు. ఎవరో దగ్గారు. ఆరు. ఏడు. చాప మీద ఒకాయన కాలు మార్చుకున్నాడు.

"ఏందబ్బయా, పెట్టె చెడిందా?" అని ఒక ముసలాయన ముందుకి వంగాడు.

తొమ్మిది.

"చక్రం పట్టేసినట్టుందిలే. గిద్యోనూ, ఇంట్లో ఇంత నూనుంటే ఇయ్యి!"

పదకొండు. ఫిలేమోను మళ్ళీ ఎత్తుకున్నాడు. గిద్యోను గోడకి ఆనుకుని, తడి లేని కళ్ళతో, నూనె తేవాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. పాట పూర్తికాకుండానే పెద్దలు లేచారు. "సరేలే, ఎండెక్కుతాంది, ఎత్తండి."

తిన్నగా మాస్టారి మంచం దగ్గరికొచ్చి కూలబడ్డాడు ఫిలేమోను.

"మీరాగితే ఏడుస్తారు. నేనాగితే నూనిస్తామంటారు. ఏంది మాస్టారూ తేడా?"

మాస్టారు నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా ఫిలేమోను వీపు నిమిరాడు.

"అప్పుడు గిద్యోను యాడున్నాడు?"

"ఎవరు?"

"తల్లి పోయినోడు."

"ఏమో మాస్టారూ. గోడ దగ్గర యాడనో ఉన్నాడు."

మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొస్తే అక్క దోర్కమ్మ కంచం పెట్టి కూర్చుని ఉంది. ఫిలేమోనుకి ఏడేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒకే వారంలో కలరాకి పోతే, పదిహేనేళ్ళ దోర్కమ్మ ప్లాట్‌ఫారం మీద పులిహోర పొట్లాలమ్మి అతన్ని పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడే ఆమె లోకం. ఆమె "పులిహోరే!" అని కేక వేస్తే గూడూరులో నిద్రపోతున్నవాళ్ళకి ఆకలేసేది. బండి ఆగిన మూడు నిమిషాల్లో రెండొందల పొట్లాలు చేతులు మారేవి. బండి కదిలాక పక్కన పరిగెత్తుతూ కట్టిన పొట్లాలు ఆ రెండొందలలోకి రావు.

"ఏందిరా ఆ మొహం? ఇంజను గానీ ఎక్కి తొక్కిందా?"

"నవ్వబాక అక్కా. నేనాగితే, పెట్టె చెడిందా అని అడిగారు."

ఆమె నవ్వబాక అన్నందుకే నవ్వింది.

"ఆ గడియారం కూడా బయట పెట్టరా. దానికీ ఇంత కూడు పెడతా. పాపం, ఇన్నాళ్ళ నుంచి అదొక్కటే నీ వెంట కష్టపడతాంది."

"నీకు ఎగతాళిగానే ఉంటుంది. ఆయన ఏదో దాస్తున్నాడక్కా. అడ్డమైనవాళ్ళందరి చేతా తిత్తి వేయిస్తాడు, నన్ను ముట్టుకోనివ్వడు."

దోర్కమ్మ గిన్నెలో గరిటె పెట్టి తిప్పుతోంది. "నాయన పోయిన రోజు తిత్తి నేనే వేశా" అంది.

ఫిలేమోను నిటారుగా కూర్చున్నాడు. "నువ్వా? ఇన్నాళ్ళూ చెప్పలేదే! ఎంతసేపు ఆగాడప్పుడు?"

గరిటె ఆగింది.

"నేనెందుకు లెక్కపెడతాన్రా?"

"పోనీ, ఏ చరణంలో?"

ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. చెప్పబోయినట్టే ఉంది. మళ్ళీ ఏమనుకుందో, ఇంకో గరిటెడు అన్నం అతని కంచంలో వేసింది.

"తిను. చల్లారిపోతాంది."

తిన్నాక ఫిలేమోను నోటుబుక్కు తెరిచి, అన్నిటికన్నా పైన, ఖాళీగా ఉన్న జాగాలో రాసుకున్నాడు: నాయన చావు. వివరాలు తెలియవు.

నలభై రోజులు తిరక్కుండా దోర్కమ్మ పోయింది.

మూడు రోజుల జ్వరం. నాలుగో రోజు పొద్దున్నే, "మొదటి బండొచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాడు ఫిలేమోను. "పొట్లాలు?" అంది. అతను జవాబు వెతుక్కునేలోగా అయిపోయింది.

జంక్షన్ ఆగిపోయింది. షెడ్డులో ఉన్న పధ్నాలుగు ఇంజన్లూ ఒక్కసారే కూత వేస్తే సముద్రం మీద పడవలవాళ్ళు తుఫాను హెచ్చరికనుకుని ఒడ్డుకి తిరిగారు. ఆ పూట రాళ్లవంకలో ఆగిన ఏ బండిలోనూ, కిటికీలోంచి చెయ్యి చాపి ఏదీ కొనుక్కున్న మనిషి లేడు. డ్రైవర్లు, గార్డులు, పోర్టర్లు, ఆమె చేతి పొట్లం తిని పెరిగినవాళ్ళంతా క్వార్టర్స్ ముందు నేల కనపడకుండా నిలబడ్డారు.

ఫిలేమోను ఏడవలేదు. కొట్టం నుంచి కొత్త పెట్టె తనే మోసుకొచ్చి అక్క తల దగ్గర పెట్టాడు. గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

మాస్టారు వచ్చాడు. చేతిలో కర్ర, వెనక పోర్టరు నెత్తి మీద పాత పెట్టె. జనం దారిచ్చారు.

"మాస్టారూ, మా అక్కకి నేనే పాడతా" అన్నాడు ఫిలేమోను.

"పాడబ్బయా."

మాస్టారు గోడవార చాప మీద కూర్చున్నాడు.

ఫిలేమోను కాళ్ళు కదిలాయి. గాలి నిండింది. నూటపాతికలో అన్నిటికన్నా ముందు తను నేర్చుకున్న పాట.

వాకిలి ఊడ్చి ఎటు పోతివమ్మా
వండిన కూడు ఎవరికమ్మా

రెండో పాదంలో 'కూడు' అన్నచోట గొంతు మూసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. వేళ్ళు ఉన్నచోటనే బిగుసుకుపోయాయి. కాళ్ళు మాత్రం ఆగలేదు. ఇంజన్ల మధ్య పెరిగిన కాళ్ళు అవి, వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పెట్టెలోంచి ఒకటే మోత. ఎక్కడా వంకర లేదు, వణుకు లేదు. ఎవరూ పాడకపోయినా, ఎవరూ వినకపోయినా అలా మోగుతూనే ఉంది.

గుంపులోంచి గిద్యోను వచ్చి, అతని పక్కన గొంతుక్కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా అదిమాడు. కాళ్ళు నిలిచాయి. మోత పోయింది.

గోడవార చాప కదిలింది. మాస్టారు కర్రతో నేల తడుముకుంటూ వచ్చి దోర్కమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పోర్టరు పాత పెట్టె ముందు పెట్టాడు.

"ఇంటివాళ్ళెవరున్నారు?" అన్నాడు మాస్టారు, ప్రతి ఇంట్లో అడిగినట్టే.

ఒక ముసలావిడ అంది: "ఇంకెవరున్నారు మాస్టారూ. ఫిలేమోను ఒక్కడే."

"అయితే రా అబ్బయా. తిత్తి వెయ్యి."

ఫిలేమోను కాలిపెట్టె వెనక నుంచి లేచాడు. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ కూర్చోని వైపు కూర్చున్నాడు. తిత్తి చెక్క మీద చెయ్యి పెట్టాడు. పట్టుకునేచోట చెక్క అరిగి గుంటపడి ఉంది. అక్కడే ఎందరెందరి చేతులో ఆనిన గుంట. అతని నాలుగు వేళ్ళూ అందులో సరిపోయాయి.

గాలి లాగాడు. మాస్టారు ఎత్తుకున్నాడు.

గరగర ఉన్న ముసలి గొంతు. జ్వరం పడి లేచిన గొంతు. వాకిలి ఊడ్చి ఎటు పోతివమ్మా. ఫిలేమోను లాగుతున్నాడు, వదులుతున్నాడు. వండిన కూడు ఎవరికమ్మా. లాగుతున్నాడు. గాలి సమంగా రావడం లేదని అతనికే తెలుస్తోంది. మాస్టారి గొంతు ఆ తేడాకి తగ్గట్టు తగ్గుతోంది, లేస్తోంది, పక్కనే నడుస్తోంది.

మూడో పాదం పాటలో లేనిది. మాస్టారు ఆమె కోసం కట్టింది.

పొట్లం కట్టిన చెయ్యి ఏదమ్మా

ఫిలేమోను చెయ్యి ఆగింది.

పెట్టెలో మిగిలిన గాలి సన్నగా, ఇంకా సన్నగా పోయింది. అది పోయిన క్షణంలోనే మాస్టారి గొంతూ ఆగింది. అర అక్షరం ముందుకి పోలేదు. వేళ్ళు మెట్ల మీదే ఉన్నాయి. మొహం కొంచెం పక్కకి తిప్పి, చూపులేని ఆ మొహం ఇటువైపు ఒగ్గి, వింటున్నాడు.

పాట తన వల్లే తెగిపోయిందని ఫిలేమోనుకి తోచింది. లాగాలనుకున్నాడు. చెయ్యి రాలేదు. రెండో చెయ్యి సాయం పట్టాడు. అదీ రాలేదు. గుంపంతా నిలబడి ఉంది. ఒక్కరు దగ్గలేదు. ఒక్కరు కాలు మార్చుకోలేదు.

"మాస్టారూ, చెయ్యి రావట్లేదు" అన్నాడు. అనేసరికి లోపల ఎక్కడో కట్ట తెగింది. చిన్నప్పుడు అమ్మా నాన్నా పోయినప్పుడు ఏడవనిది కూడా కలిసి వచ్చింది. తిత్తి మీద తల ఆనించి, ఏడేళ్ళ పిల్లాడిలా, అక్కా అక్కా అని ఏడ్చాడు. వెనక గిద్యోను ఏడ్చాడు. ఆ వెనక వాకిలంతా ఏడ్చింది.

మాస్టారు మెట్ల మీద నుంచి వేలు తియ్యలేదు.

"తొందరేం లేదబ్బయా" అన్నాడు మెల్లగా. "నువ్వొచ్చేదాకా నేనిక్కడే ఉంటా."